పాత ఫాల్ పెయింటింగ్ కొన్నారా? గీసిందెవరో ఇలా తేల్చుకోండి

అమెరికాలో ఉండే మనవాళ్లు ఎస్టేట్ సేల్‌లోనో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోటు) థ్రిఫ్ట్ స్టోర్‌లోనో (పాత వస్తువుల షాపు) ఓ పాత పెయింటింగ్ కొంటారు. ఎర్రబడ్డ మేపుల్ చెట్లు, తెల్లటి బర్చ్ మానులు, మధ్యలో చిన్న ఏరు, వెనకాల నీలి కొండలు. కింద మూలన ఓ సంతకం. ఇంటికి రాగానే ఫోటో తీసి పంపుతారు: "ఇది ఎవరు గీశారు? ఎంత పలుకుతుంది?" ఫాల్ సీజన్, అంటే ఆకులు రంగు మారి రాలే కాలం, మొదలైతే ఈ ప్రశ్న ఆగదు. విడివిడిగా చెప్పే మాటలన్నీ ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

దాదాపు అందరూ సంతకంతో మొదలుపెడతారు. నేను మాత్రం సంతకాన్ని చివరికి ఉంచమంటాను. పేరు ఎవరైనా రాయొచ్చు, అచ్చు కూడా వేయొచ్చు. వెనకున్న చెక్క, మేకులు, కాగితం అంత సులభంగా అబద్ధం చెప్పవు.

ఉదాహరణకి రాబర్ట్ వుడ్ అనే చిత్రకారుణ్ణి తీసుకుందాం, ఎందుకంటే నాకొచ్చే ఫోటోల్లో తరచూ కనిపించే పేరు ఆయనదే. 1889లో ఇంగ్లండ్‌లోని కెంట్ తీరంలో పుట్టి, యువకుడిగా అమెరికా వచ్చి, 1920లలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో స్థిరపడ్డాడు. అక్కడ బ్లూబానెట్ పూల పొలాలు గీసి పేరు తెచ్చుకున్నాడు. (డాలస్ మనవాళ్లు ఏటా వసంతంలో పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీసేది ఆ పూలలోనే.) తర్వాత కాలిఫోర్నియాలోని లగూనా బీచ్, కొన్నాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్, చివరికి సియెర్రా కొండల పక్కనున్న బిషప్ అనే ఊళ్లో ఉన్నాడు. 1979లో చనిపోయాడు. ఆయన గీసిన 'అక్టోబర్ మార్న్' అనే ఫాల్ దృశ్యం 1950లలో ప్రింట్లుగా పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అంటే మీ గోడ మీద "రాబర్ట్ వుడ్" అని ఉంటే అది ఆయన చేత్తో గీసింది కాకుండా ప్రింట్ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. ఆశ పెట్టుకోవద్దని కాదు, వరుసలో చూడమని చెబుతున్నాను.

కావలసినవి

- పదింతలు పెద్దగా చూపించే భూతద్దం. నగల షాపుల్లో వాడే చిన్న లూప్ సరిగ్గా సరిపోతుంది, ఆన్‌లైన్‌లో పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది.
- ఫోన్, దాంతోపాటు విడిగా ఒక టార్చ్ లైట్
- టేపు
- మెత్తటి పాత దుప్పటి, టేబుల్ మీద పరచడానికి
- యూవీ టార్చ్. ఇది ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. నోట్లు చెక్ చేసే రకం చాలు. వెలుతురులోకి నేరుగా చూడకండి, పిల్లలకు అందనివ్వకండి.
- ఒక నోట్‌బుక్

1. తుడవకండి

పని మొదలుపెట్టకముందే ఈ మాట ఎందుకంటే, బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. దుమ్ము కనిపించగానే తడిగుడ్డ, గ్లాస్ క్లీనర్ పట్టుకుంటారు. బంగాళదుంప ముక్కతో రుద్దమని, బ్రెడ్డుతో తుడవమని చెప్పే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. ఏదీ చేయకండి. వార్నిష్ కింద రంగు ఎంత గట్టిగా ఉందో పైకి తెలియదు, పగుళ్లలోకి తడి వెళితే రంగు పెచ్చులుగా లేస్తుంది. సంతకం చాలాసార్లు అన్నిటికంటే పైన, పల్చటి పొరగా ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే. గోళ్ల రంగు తీసే ద్రావకం అద్ది "నిజమైన ఆయిలో కాదో" చూడటం, వేడి సూది గుచ్చడం కూడా ఇదే కోవ. పాత తెల్లరంగుల్లో సీసం ఉంటుంది, గోకి చూడకండి.

రంగు ఇప్పటికే పెచ్చులు లేస్తుంటే బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టి ఉంచండి. బబుల్ ర్యాప్ రంగుకి తగిలేలా చుట్టకండి. ఆ స్థితిలో ఉంటే మిగతా మెట్లు ఆపి, కన్సర్వేటర్‌కి, అంటే పాత బొమ్మల్ని బాగుచేసే నిపుణుడికి, ఫోటోలు పంపడమే దారి.

2. ఫోటోలు తీయండి

మొత్తం బొమ్మ ముందు నుంచి ఒకటి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో. నాలుగు మూలలు విడివిడిగా. వెనక వైపు మొత్తం, ఆ తర్వాత వెనకున్న ప్రతి లేబుల్, రాత, ముద్ర దగ్గర నుంచి. ఇక సంతకం: గది చీకటి చేసి, టార్చ్‌ని బొమ్మకి పక్కనుంచి, దాదాపు గోడకి ఆనించినట్టు పట్టుకుని తీయండి. అలా పక్క వెలుతురు పడితే రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ చదునుగా ఉందో నీడల్లో తెలిసిపోతుంది.

ఫ్రేమ్ లేకుండా బొమ్మ కొలత తీసి రాసుకోండి. అమెరికన్ సైట్లలో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత, అంగుళాల్లో ఇస్తారు.

3. ప్రింటా, చేత్తో గీసిందా?

సగం మంది ప్రశ్నకి ఇక్కడే జవాబు దొరికిపోతుంది. భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకుని, బొమ్మకి అంగుళం దూరంలో ఆకాశం ఉన్న చోట చూడండి. ఆకుల గుబురుతో మొదలుపెట్టకండి, అక్కడ కన్ను మోసపోతుంది.

నీలం, గులాబీ, పసుపు, నల్ల చుక్కలు చిన్న పువ్వుల్లా ఒక క్రమంలో కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ప్రింట్, అంటే పత్రికలు అచ్చయ్యే పద్ధతి. రాబర్ట్ వుడ్ ప్రింట్లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. క్రమం లేకుండా ఇంకు చల్లినట్టు సన్నటి చుక్కలుంటే ఇంక్‌జెట్, ఇది ఈమధ్య కాలంది. చిన్నా పెద్దా చుక్కలు, మరకలు, ఒక్కో రంగు విడివిడిగా, క్రమం లేకుండా ఉంటే 19వ శతాబ్దపు క్రోమోలితోగ్రాఫ్, అంటే రాతి అచ్చుతో వేసిన రంగుల ప్రింట్, అయ్యుండొచ్చు. బోస్టన్‌లో లూయీ ప్రాంగ్ కంపెనీ ఆ రకం ప్రకృతి దృశ్యాలు ఎన్నో వేసింది. మన పూజగదుల్లో రవివర్మ లక్ష్మీదేవి పటాలు అచ్చయిందీ ఆ పద్ధతిలోనే, కాబట్టి ఇంట్లో పాత పటం ఉంటే పక్కన పెట్టుకుని పోల్చుకోండి.

ఇప్పుడు అదే భూతద్దంతో సంతకం చూడండి, చదవడానికి కాదు. సంతకంలోని గీత కూడా చుక్కలతోనే తయారై ఉంటే, అది అసలు బొమ్మతో పాటు అచ్చయిన సంతకం. దాన్ని చూసి ఎగిరి గంతేయకండి.

బాగా పొరపాటు పడే చోట్లు మూడు:

- *చేత్తో తడిమితే గరుకుగా ఉంది కాబట్టి పెయింటింగ్ అనుకోవడం.* ప్రింట్ మీద పారదర్శకమైన జెల్‌ని బ్రష్‌తో పూసి అమ్మేవాళ్లు. పక్క వెలుతురులో చూస్తే గీతలు ఒక దిక్కు పోతుంటాయి, కింద రంగులు ఇంకో దిక్కు. ఎర్ర ఆకు దగ్గర మొదలైన బ్రష్ గీత ఆగకుండా నీళ్లలోకి పోతే అది జెల్.
- *కాన్వాస్ నేత కనిపిస్తోంది కాబట్టి కాన్వాస్ అనుకోవడం.* అట్ట మీద నేత గుర్తులు ఒత్తుతారు. వెనక్కి తిప్పితే ఉత్త అట్ట.
- *కొన్ని చోట్ల నిజంగానే రంగు తేలి ఉందని తేల్చేయడం.* ప్రింట్ మీద అక్కడక్కడ ఆకులకి, అలలకి రంగు అద్దుతారు. అందుకే ఆకాశంతో మొదలుపెట్టమన్నది. ఐదారు చోట్ల చూడండి.

చుక్కలు ఏమీ లేకుండా మెత్తటి ఫోటోలా ఉండి, పైన నీటిరంగు పల్చగా వేసినట్టుంటే అది చేత్తో రంగులద్దిన ఫోటో కావచ్చు. 20వ శతాబ్దం మొదట్లో వాలెస్ నట్టింగ్ స్టూడియో వీటిని భారీగా తయారు చేసింది. చుట్టూ ఉన్న అట్ట మీద పెన్సిల్‌తో ఎడమ వైపు శీర్షిక, కుడి వైపు ఆయన పేరు ఉంటాయి. ఆ పేరు కూడా చాలావాటి మీద ఆయన దగ్గర పనిచేసిన అమ్మాయిలు రాసిందే.

4. వెనక్కి తిప్పండి

టేబుల్ మీద దుప్పటి పరిచి, బొమ్మని జాగ్రత్తగా బోర్లించండి. వెనక గోధుమరంగు కాగితం అంటించి ఉంటే చింపేయకండి. ఆ కాగితం మీదే లేబుల్ ఉండొచ్చు. చిరుగు ఉంటే అందులోంచి టార్చ్ వేసి చూడండి, అది చాలకపోతే మూడు వైపులా బ్లేడుతో నీట్‌గా కోసి తలుపులా తెరవండి.

*మేకులా, స్టేపుల్సా?* కాన్వాస్‌ని చెక్క చట్రానికి చిన్న మేకులతో కొట్టి ఉంటే పాత పద్ధతి. స్టేపుల్స్ బాగా వాడకంలోకి వచ్చింది 1950ల తర్వాత. కాకపోతే పాత కాన్వాస్‌ని రిపేర్ చేసి మళ్లీ బిగించినప్పుడు స్టేపుల్స్ కొట్టి ఉండొచ్చు. అప్పుడు అంచుల్లో పాత మేకుల రంధ్రాలు, చుట్టూ తుప్పు మరకలు మిగిలి ఉంటాయి. వెతకండి.

*కాన్వాస్ రంగు.* నిజంగా పాతబడిన కాన్వాస్ అంతటా ఒకేలా నల్లబడదు. చట్రం కర్ర కింద దాక్కున్న భాగానికి గాలి తగలదు కాబట్టి అక్కడ కాస్త తెల్లగా ఉంటుంది. మొత్తం ఒకే రకంగా టీ డికాక్షన్ రంగులో ఉంటే అనుమానించండి.

*గట్టి బోర్డు.* ముందు నున్నగా, వెనక జల్లెడ గుర్తులతో గోధుమరంగు బోర్డు ఉంటే అది మేసొనైట్ రకం. 1920ల చివర్లో గానీ మార్కెట్‌లోకి రాలేదు. దాని మీద "1878" అని తేదీ ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

*లేబుల్ మీద అడ్రస్.* ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం. అమెరికాలో ఐదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది. అంతకు ముందు, 1943 నుంచి, పెద్ద నగరాల్లో ఒకటి రెండంకెల జోన్ నంబర్ రాసేవాళ్లు: "న్యూయార్క్ 19, ఎన్‌వై" అన్నట్టు. కాబట్టి లేబుల్ మీద ఐదంకెలుంటే 1963 తర్వాత, ఊరి పేరు పక్కన చిన్న అంకె ఉంటే ఆ ఇరవై ఏళ్లలోపు అంటించినదని అనుకోవచ్చు. ఫోన్ నంబర్ అక్షరాలతో మొదలైతే అదీ పాతదే.

ఇక్కడ పప్పులో కాలేసేవాళ్లు ఎక్కువ. లేబుల్ మీద పేరు చాలాసార్లు ఫ్రేమ్ షాపుది. అది ఫ్రేమ్ కట్టిన కాలం చెబుతుంది, బొమ్మ గీసిన కాలం కాదు. పాత బొమ్మకి కొత్త ఫ్రేమ్ వేస్తారు, పాత ఫ్రేమ్‌లో కొత్త బొమ్మా పెడతారు. వెనక నల్లబడ్డ ఫ్రేమ్‌లో బొమ్మ అంచు సరిగ్గా కూర్చోకుండా కొత్త మేకులతో బిగించి ఉంటే రెండూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయన్నమాట.

యూవీ టార్చ్ ఉంటే వెనకున్న కాగితం మీద వేయండి. తెల్లటి నీలంగా జిగేల్‌మంటే ఆ కాగితం దాదాపు 1950 తర్వాతిది. అప్పటి నుంచే కాగితంలో మెరుపు రసాయనాలు కలపడం మామూలైంది. డిటర్జెంట్‌తో ఉతికిన గుడ్డల పోగులు కూడా ఇలాగే మెరుస్తాయి, వాటిని చూసి కంగారు పడకండి.

5. చెట్లని చూడండి

గీసిన ప్రాంతం తెలిస్తే గీసినవాళ్ల జాబితా చిన్నదవుతుంది. ఎరుపు, నారింజ, పసుపు కలగలిసి ఉంటే మేపుల్ ఎక్కువగా ఉండే తూర్పు వైపు: న్యూ ఇంగ్లండ్, హడ్సన్ లోయ, క్యాట్‌స్కిల్ కొండలు. చెట్లన్నీ ఒకటే బంగారు పసుపులో, వెనక మంచు శిఖరాలతో ఉంటే యాస్పెన్ చెట్లున్న రాకీ పర్వతాలో సియెర్రానో అనుకోండి. ఇది ఖాయమైన ఆధారం కాదు. స్టూడియోలో కూర్చుని ఊహించి గీసినవీ బోలెడు.

రంగులు మరీ ముదురుగా ఉన్నాయని మాత్రం నకిలీ అనుకోకండి. జాస్పర్ క్రాప్సీ అనే అమెరికన్ చిత్రకారుడు 1860లో లండన్‌లో ఉంటూ 'ఆటమ్ ఆన్ ద హడ్సన్ రివర్' అనే తొమ్మిది అడుగుల బొమ్మ గీశాడు. ఆ ఎరుపు చూసి ఇంగ్లిష్ వాళ్లు నమ్మలేదు. ఆయన అమెరికా నుంచి నిజమైన ఆకులు తెప్పించి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, టికెట్ లేదు, వెళ్లి చూడండి.

6. ఇప్పుడు సంతకం

పక్క వెలుతురు ఫోటోని ఫోన్‌లో పెద్దది చేసి, కనిపించినదాన్ని కనిపించినట్టు కాగితం మీద గీయండి. తెలిసిన పేరు మనసులో పెట్టుకుని చదివితే అదే కనిపిస్తుంది. అనుమానం ఉన్న అక్షరానికి రెండు మూడు రూపాలు రాసుకోండి.

తర్వాత భూతద్దంతో ఒక్కటి చూడండి: సంతకం రంగు పగుళ్లలోకి దిగిందా? బొమ్మతో పాటు రాసిన సంతకమైతే పగులు సంతకాన్ని కూడా చీల్చుకుంటూ పోతుంది. బొమ్మ పగిలాక ఎవరో రాసినదైతే రంగు పగులు లోపలికి కారి ఉంటుంది. యూవీ కింద పాత వార్నిష్ ఆకుపచ్చ పసుపులో మసకగా మెరుస్తుంది. దాని మీద సంతకం మాత్రం నల్లగా తేలినట్టు కనిపిస్తే తర్వాత చేర్చినది కావచ్చు.

ఒకే పేరుతో ఇద్దరుంటారు. రాబర్ట్ వుడ్ వేరు, కాలిఫోర్నియాలోనే నీటిరంగులు వేసిన రాబర్ట్ ఇ. వుడ్ వేరు. ఒకే మనిషికి రెండు పేర్లూ ఉంటాయి: మన రాబర్ట్ వుడ్ తొలిరోజుల్లో కొన్నిటి మీద జి. డే అని, ఇంకొన్నిటి మీద తన పేరునే తిరగేసి 'ట్రెబోర్' అని సంతకం పెట్టాడు.

ఇంకో రకం కూడా చెప్పాలి. 1960, 70లలో సోఫా పైన గోడ నింపడానికి బోలెడన్ని బొమ్మలు చేత్తోనే, వరుసబెట్టి గీయించి ఫర్నిచర్ షాపుల్లో అమ్మారు. వాటి మీద "మార్టిన్", "కార్సన్" లాంటి ఒంటి పేర్లుంటాయి, ఆ పేరున్న మనిషి అసలు ఉండకపోవచ్చు. స్టేపుల్స్ కొట్టిన కాన్వాస్, ఒకే బ్రష్‌తో పొడిచినట్టున్న ఆకులు, ఇంటి పేరొక్కటే సంతకం: ఈ మూడూ కలిస్తే రోజుల తరబడి వెతకకండి.

7. వెతకండి

గూగుల్ లెన్స్‌లో మొత్తం బొమ్మ పెడితే ప్రపంచంలోని ఫాల్ దృశ్యాలన్నీ వస్తాయి. వంతెనో, గుడిసో, వంగిన చెట్టో ఏదో ఒక్క ప్రత్యేకమైన భాగాన్ని కత్తిరించి పెట్టండి. మీ బొమ్మే వేర్వేరు కొలతల్లో పదిమంది దగ్గర కనిపిస్తే, మూడో మెట్టుకి తిరిగి వెళ్లండి. అది ప్రింటే అయ్యుండొచ్చు.

పేరు దొరికితే వేలాల వివరాలుండే ఆస్క్‌ఆర్ట్, ఇన్‌వాల్యుయబుల్, లైవ్‌ఆక్షనియర్స్ సైట్లు చూడండి. స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం వాళ్ల ఆర్ట్ ఇన్వెంటరీస్ కేటలాగ్ ఉచితం. ఈబేలో అయితే 'సోల్డ్ ఐటమ్స్' ఫిల్టర్ తప్పకుండా పెట్టండి. అమ్మేవాడు అడిగే ధర ఎంతైనా ఉండొచ్చు, కొన్నవాడు ఇచ్చిందే ధర.

వేలం సైట్లలో మాటలు జాగ్రత్తగా చదవండి. "ఆఫ్టర్" అని ఉంటే ఆ చిత్రకారుడి బొమ్మ చూసి ఇంకెవరో చేసింది. "అట్రిబ్యూటెడ్ టు" అంటే ఆయనదే అయ్యుండొచ్చని వాళ్ల అభిప్రాయం. "బేర్స్ సిగ్నేచర్" అంటే పేరు ఉంది గానీ మేం పూచీ పడం అని. వీటి ధరల్ని మీ బొమ్మకి అతికించుకోకండి.

ఎక్కడా కనిపించని పేరైతే స్థానిక చిత్రకారుడో, చిత్రకారిణో కావచ్చు. అప్పుడు బొమ్మ కొన్న కౌంటీ హిస్టారికల్ సొసైటీకి ఫోటోలతో ఒక ఈమెయిల్ పెట్టండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల 'క్రానిక్లింగ్ అమెరికా'లో పాత పత్రికలు ఉచితంగా వెతకొచ్చు. ఊరి చిత్రప్రదర్శనల వార్తల్లో ఇలాంటి పేర్లు బయటపడుతుంటాయి. ఎస్టేట్ సేల్ నడిపినవాళ్లని ఆ ఇంటివాళ్లలో ఎవరైనా బొమ్మలు వేసేవారా అని ముందే అడిగి ఉంటే ఇంకా మంచిది.

8. సరిచూసుకోండి

నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాయండి. వెనక వైపు సామగ్రి ఏ కాలంది? ఆ కాలంలో ఈ చిత్రకారుడు బతికున్నాడా, ఈ ప్రాంతానికి వెళ్లాడా? ఆయన తప్పకుండా గీసినవని మ్యూజియాలు, పెద్ద వేలం సంస్థలు చూపించే బొమ్మల మీది సంతకంతో మీది కలుస్తోందా? పోల్చేటప్పుడు ఆ దశకపు సంతకాలనే తీసుకోండి, నలభై ఏళ్లలో ఎవరి చేతిరాతైనా మారుతుంది. మూడింట్లో ఒక్కటి కచ్చితంగా అడ్డం తిరిగినా "ఆయనదే" అని రాయకండి. "ఆయన బొమ్మకి ప్రింట్", "ఆయనది కావచ్చు", "తెలియదు" అనేవి కూడా జవాబులే, అమ్మేటప్పుడు అలాగే రాయాలి.

9. నిపుణుల దగ్గరికి ఎప్పుడు?

చేత్తో గీసిందని తేలి, పేరు కలిసి, అదే చిత్రకారుడి బొమ్మలు వేలంలో మంచి ధరకి పోయినట్టు కనిపిస్తే అప్పుడు వెళ్లండి. చాలా వేలం సంస్థలు ఫోటోలు చూసి ఎంత పలకొచ్చో ఉచితంగా చెబుతాయి. ఇన్సూరెన్స్‌కో పన్నులకో కాగితం కావాలంటే అమెరికన్ సొసైటీ ఆఫ్ అప్రైజర్స్ లాంటి సంఘంలో సభ్యుడైన అప్రైజర్‌ని (వెల కట్టే నిపుణుణ్ణి) పెట్టుకోవాలి. బొమ్మ విలువలో ఇంత శాతం ఫీజు అన్నవాడి దగ్గర ఆగకండి, వాళ్ల వృత్తి నియమాలే దాన్ని ఒప్పుకోవు. గంటకింత అనో, మొత్తానికింత అనో తీసుకోవాలి. వెల కట్టినవాడే "నాకే అమ్మేయండి" అన్నా వద్దనండి. మ్యూజియాలు మాత్రం సాధారణంగా వెల కట్టవు, అడిగి విసుక్కోవద్దు.

మొదటిసారి ఈమెయిల్ పెట్టేటప్పుడు రెండో మెట్టులో తీసిన ఫోటోలు, కొలత, వెనకున్న రాతలు, ఎక్కడ కొన్నారన్నది మాత్రమే రాయండి. మీ అనుమానం ఎవరి మీదో ముందే చెప్పకండి, వాళ్ల నోటి నుంచే రానివ్వండి. జవాబు రాకపోతే ఆ ఫైల్ దాచి ఆరు నెలల తర్వాత ఏడో మెట్టు మళ్లీ చేయండి. వేలం సైట్లలో రోజూ కొత్త బొమ్మలు చేరుతుంటాయి.